కిట్ కారు బ్రేకుల సమతౌల్యం

బ్రేకుల సమతౌల్యం అంటే వాహనం ఆగేటప్పుడు మొత్తం బ్రేకు బలంలో ముందు చక్రాల వాటా ఎంత, వెనుక చక్రాల వాటా ఎంత అని తెలిపే నిష్పత్తి. కర్మాగారంలో తయారైన కారులో ఈ నిష్పత్తిని తయారీదారులే నిర్ణయిస్తారు. విడిభాగాలు కొనుక్కుని ఇంటి వద్ద కూర్చుకునే కిట్ కారులో మాత్రం ఆ బాధ్యత కూర్చినవారిదే. ఇటువంటి కార్ల నిర్మాణం బాగా వేళ్ళూనుకున్న బ్రిటనులో, కారు రోడ్డెక్కడానికి ముందు జరిగే ప్రభుత్వ తనిఖీలో ఈ సమతౌల్యాన్ని లెక్కగట్టి చూస్తారు. బ్రేకులు ఎంత గట్టిగా పట్టినా, ముందు చక్రాల కంటే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుపోయే కారు ఈ తనిఖీలో నెగ్గదు.

నేపథ్యం

బ్రిటనులో కిట్ కార్లకు ప్రాచుర్యం రావడానికి పన్నులు ఒక ముఖ్య కారణం. పూర్తిగా తయారైన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలుగా అమ్మే కారు మీద ఉండేది కాదు. కోలిన్ ఛాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో విడుదల చేసిన లోటస్ సెవెన్ కారు ఈ వెసులుబాటు ఆధారంగానే విరివిగా అమ్ముడయింది. 1973లో కొనుగోలు పన్ను స్థానంలో విలువ ఆధారిత పన్ను రావడంతో ఆ లాభం పోయింది. అదే సంవత్సరం సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు దక్కాయి. పన్ను లాభం పోయినా కారును స్వయంగా కూర్చుకోవాలనే సరదా మాత్రం పోలేదు. 1996లో రాన్ ఛాంపియన్ రాసిన పుస్తకం వచ్చాక, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ విడిభాగాలతో ఇంట్లోనే చట్రం అతుక్కుని చేసే లోకాస్ట్ రకం కార్లు కూడా పెరిగాయి.

ఇలా తయారైన కార్లకు 1998 నుండి సింగిల్ వెహికల్ అప్రూవల్ అనే తనిఖీ తప్పనిసరి అయింది. 2009లో దాని స్థానంలో ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్ వచ్చింది. దీనిని క్లుప్తంగా ఐ.వి.ఎ. అంటారు. ఈ తనిఖీలో అద్దాలు, దీపాలు, సీటు బెల్టులు, పొగ, శబ్దం, పదునైన అంచులు మొదలైనవన్నీ చూస్తారు. వాటిలో చాలావరకు కంటితో చూసి సరిచేసుకోదగినవే. కంటికి కనబడనిది, కారు నడిపి చూసినా మామూలు వేగంలో బయటపడనిది బ్రేకుల సమతౌల్యం.

బరువు ముందుకు మళ్ళడం

బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే నిలుచున్నవాళ్ళు ముందుకు తూలుతారు. కారు విషయంలోనూ ఇదే జరుగుతుంది. బ్రేకు బలం నేలకు, టైరుకు మధ్య పనిచేస్తుంది. కారు గరిమనాభి నేలకు కొంత ఎత్తున ఉంటుంది. ఈ ఎత్తు వల్ల కారును ముందుకు వంచే భ్రామకం పుడుతుంది. ఫలితంగా ముందు ఇరుసు మీద భారం పెరుగుతుంది, వెనుక ఇరుసు మీద అంతే భారం తగ్గుతుంది. ఎంత భారం మళ్ళుతుందో తెలియాలంటే కారు బరువును గరిమనాభి ఎత్తుతోనూ, ఋణత్వరణంతోనూ గుణించి, రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించాలి. ఇక్కడ ఋణత్వరణాన్ని గురుత్వ త్వరణంలో ఎన్నో వంతుగా తీసుకోవాలి.

ఉదాహరణకి ఒక రెండు సీట్ల కిట్ కారు డ్రైవరుతో కలిపి 640 కిలోలు ఉన్నదనుకుందాం. నిలిచి ఉన్నప్పుడు ముందు ఇరుసు మీద 310, వెనుక ఇరుసు మీద 330 కిలోల భారం ఉన్నది. ఇరుసుల మధ్య దూరం 2.3 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.45 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసి గురుత్వ త్వరణంలో 0.8 వంతు ఋణత్వరణం సాధిస్తే సుమారు 100 కిలోల భారం ముందుకు మళ్ళుతుంది. అప్పుడు ముందు 410, వెనుక 230 అవుతుంది. అంటే నిలిచి ఉన్నప్పుడు 48 శాతం ఉన్న ముందు భారం 64 శాతానికి చేరింది. అదే ఋణత్వరణం 0.5 వంతు అయితే ముందు భారం 58 శాతం, 0.3 వంతు అయితే 54 శాతం.

టైరు ఎంత బలంతో నేలను పట్టుకోగలదన్నది దాని మీద ఉన్న భారం మీద ఆధారపడుతుంది. కాబట్టి నాలుగు చక్రాల పట్టునూ పూర్తిగా వాడుకోవాలంటే బ్రేకు బలం కూడా ఈ మారే భారాల నిష్పత్తిలోనే పంచబడాలి. సాధారణ హైడ్రాలిక్ బ్రేకులలో నిష్పత్తి స్థిరం, రోడ్డు కోరే నిష్పత్తి మాత్రం క్షణక్షణమూ మారుతుంది. కనుక ఏ స్థిర నిష్పత్తి అయినా ఒకే ఒక్క ఋణత్వరణం వద్ద మాత్రమే కచ్చితంగా సరిపోతుంది. దానిని సంధి ఋణత్వరణం అనవచ్చు. అంతకు తక్కువలో ముందు చక్రాలు, అంతకు ఎక్కువలో వెనుక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి. చక్రం తిరగడం మాని రోడ్డు మీద జారడాన్ని లాక్ అవడం అంటారు.

వెనుక చక్రాలు ముందుగా లాక్ అయితే

జారుతున్న టైరుకు పక్కకు పోకుండా ఆపే శక్తి దాదాపు ఉండదు. ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగు తిప్పినా కారు తిరగదు, కాని తిన్నగానే పోతుంది. డ్రైవరు పెడలు కాస్త వదిలితే స్టీరింగు మళ్ళీ పనిచేస్తుంది. వెనుక చక్రాలు లాక్ అయితే పరిస్థితి వేరు. కారు కొద్దిగా పక్కకు తిరిగిందంటే, ముందు టైర్ల పక్క బలం ఆ తిరుగుడును సరిచేయడానికి బదులు ఇంకా పెంచుతుంది. రెప్పపాటులో కారు గిర్రున తిరిగిపోతుంది. మనిషి స్పందించే వ్యవధి అందులో ఉండదు.

దీనిని విద్యార్థులు ఒక బొమ్మ కారుతో పరీక్షించి చూడవచ్చు. దాని వెనుక చక్రాలు తిరగకుండా టేపు అంటించి, ఏటవాలుగా పెట్టిన నునుపైన చెక్క మీద నుండి ముందుకు వదిలితే అది జారుతూ సగం దారిలోనే వెనక్కి తిరిగిపోతుంది. టేపును ముందు చక్రాలకు మార్చి వదిలితే తిన్నగా దిగుతుంది.

యూరపులో కార్లకు వర్తించే నియమాలు ముందు చక్రాలే ముందుగా లాక్ కావాలని కోరడానికి కారణం ఇదే. ఐ.వి.ఎ.లోనూ ఈ సూత్రాన్నే పాటిస్తారు. ఇప్పటి కర్మాగారపు కార్లలో ప్రతి చక్రం వేగాన్నీ గమనిస్తూ వెనుక బ్రేకు పీడనాన్ని ఎలక్ట్రానిక్ వ్యవస్థ అదుపు చేస్తుంది. ఇంట్లో కూర్చిన కారులో సాధారణంగా అటువంటి సదుపాయం ఉండదు కాబట్టి లోహపు భాగాల కొలతలలోనే భద్రత ఇమిడి ఉండాలి.

నిష్పత్తిని నిర్ణయించే అంశాలు

ఒక చక్రం వద్ద బ్రేకు బలం నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది: గొట్టంలోని ద్రవ పీడనం, క్యాలిపరు పిస్టన్ల వైశాల్యం, ప్యాడ్ల ఘర్షణ గుణకం, చక్రం వ్యాసార్ధంతో పోల్చినప్పుడు డిస్కు మీద ప్యాడు నొక్కే చోటి వ్యాసార్ధం. వెనుక డ్రమ్ము బ్రేకులు ఉంటే లెక్క మరికొంత జటిలమవుతుంది. డ్రమ్ములో షూ తనంతట తానే బిగుసుకునే గుణం ఉండడం వల్ల ఘర్షణ గుణకంలో చిన్న మార్పు వచ్చినా బ్రేకు బలం పెద్దగా మారిపోతుంది. రాత్రంతా చెమ్మలో నిలిపిన కారు ఉదయం మొదటి బ్రేకుకే వెనుక చక్రాలను పట్టేయడం ఇందువల్లనే.

కిట్ కార్లకు బ్రేకులు సాధారణంగా ఏదో ఒక పాత కారు నుండి వస్తాయి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ పాత కారు బరువు వేరు, గరిమనాభి వేరు, వెనుక సీటులో మనుషులూ డిక్కీలో సామానూ ఉంటాయని ఊహించి దాని వెనుక బ్రేకుల పరిమాణాన్ని నిర్ణయించారు. పైగా దాని వెనుక గొట్టంలో పీడనాన్ని తగ్గించే వాల్వు ఉండి ఉండవచ్చు. కిట్ కారు కూర్చేటప్పుడు ఆ వాల్వును పక్కన పడేస్తే వెనుక చక్రాలకు పూర్తి పీడనం అందుతుంది. బ్రేకులు "బాగా పడుతున్నాయి" అనిపించడానికి అదే కారణం కావచ్చు.

పై ఉదాహరణలోని కారులో పాత బ్రేకులను ఉన్నవి ఉన్నట్లు బిగిస్తే ముందు 55 శాతం, వెనుక 45 శాతం వచ్చిందనుకుందాం. లెక్క వేస్తే సంధి ఋణత్వరణం 0.34 మాత్రమే వస్తుంది. అంటే మామూలు ప్రయాణంలో ఏ తేడా తెలియదు. ఏదో ఒకరోజు అడ్డం వచ్చినవారిని తప్పించడానికి గట్టిగా తొక్కినప్పుడు మాత్రం వెనుక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి. ఈ కారును రోలర్ల మీద పరీక్షిస్తే నాలుగు చక్రాలూ మంచి అంకెలే చూపిస్తాయి. బ్రేకులు బలంగా ఉండడం వేరు, సమతౌల్యంగా ఉండడం వేరు.

సరిచేసే విధానం

నిష్పత్తిని మార్చడానికి ముందుగా చూడవలసినవి పెద్ద భాగాలు. ముందు వెనుకలకు వేర్వేరు మాస్టర్ సిలిండర్లు ఉన్న కార్లలో సిలిండరు వ్యాసం మార్చడం సులువైన మార్గం. ఒకే బలానికి చిన్న సిలిండరు ఎక్కువ పీడనం ఇస్తుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి కొద్ది తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ముందుకు 15.9 మి.మీ., వెనుకకు 17.8 మి.మీ. వ్యాసం గల సిలిండర్లు బిగిస్తే ముందు గొట్టంలో పీడనం వెనుకకంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉంటుంది. అయితే చిన్న సిలిండరు తక్కువ ద్రవాన్ని తోస్తుంది కనుక పెడలు ఎక్కువ దూరం కిందికి దిగుతుంది. ఈ సంగతి మరచి సిలిండర్లు మార్చినవారి పెడలు నేలను తాకుతుంది.

ఆ తరువాత సూక్ష్మంగా సరిచేయడానికి బ్యాలెన్స్ బార్ ఉపయోగపడుతుంది. ఇది పెడలులో అడ్డంగా అమర్చిన కడ్డీ. దాని రెండు చివరలు రెండు సిలిండర్లను నొక్కుతాయి. మధ్యలో ఒక గోళాకారపు బేరింగు ద్వారా పెడలు బలం కడ్డీకి అందుతుంది. బేరింగు ఏ చివరకు దగ్గరగా ఉంటే ఆ చివరకు ఎక్కువ బలం పోతుంది. కావడి మోసేవాడి భుజం ఒక బుట్టకు దగ్గరగా జరిగితే ఆ బుట్టలో ఎక్కువ బరువు పెట్టినా కావడి నిలుస్తుంది కదా, ఇదీ అంతే. రెండు చివరల మధ్య 64 మి.మీ. ఉన్న కడ్డీలో బేరింగును 2 మి.మీ. జరిపితే వాటాలు 53, 47 శాతాలు అవుతాయి.

55, 45గా ఉన్న మన కారును 66, 34కు తీసుకురావాలనుకుంటే ముందు వెనుకల నిష్పత్తి సుమారు 1.6 రెట్లు పెరగాలి. సిలిండర్ల మార్పుతో 1.25 రెట్లు వస్తుంది. మిగిలిన దానికి బేరింగును మరో 3.8 మి.మీ. ముందు సిలిండరు వైపుకు జరపాలి. సంధి ఋణత్వరణం అప్పుడు 0.9 దాకా పెరుగుతుంది. మొత్తం పనినీ బ్యాలెన్స్ బార్ మీదే వేస్తే కడ్డీ బాగా వాలుగా నిలిచి, పెడలు లోతుగా తొక్కినప్పుడు అంచులకు తగిలి ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న కడ్డీ చూపే నిష్పత్తికి అర్థం లేదు. ఒక సర్క్యూటులో ద్రవం కారిపోయినా రెండవది పనిచేసేటంత జాగా కడ్డీకి ఉండాలి.

రెండు సర్క్యూట్లకూ కలిపి ఒకే మాస్టర్ సిలిండరు ఉన్న కార్లకు బ్యాలెన్స్ బార్ పనికిరాదు. అక్కడ వెనుక క్యాలిపరు మార్చడమో, తక్కువ ఘర్షణ గల ప్యాడ్లు వాడడమో, వెనుక గొట్టంలో పీడనాన్ని తగ్గించే వాల్వు పెట్టడమో చేయాలి. ఈ వాల్వు ఒక హద్దు వరకు పీడనాన్ని యథాతథంగా పంపి, ఆపైన పెరుగుదలను తగ్గిస్తుంది. కనుక స్థిర నిష్పత్తి కంటే రోడ్డు కోరే నిష్పత్తికి ఇది కొంత దగ్గరగా నడుస్తుంది.

ముందు వాటా పెంచుకుంటూ పోవడమే క్షేమమని భావించరాదు. తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, 66 శాతం ముందు వాటా గల మన కారు ముందు చక్రాలు 0.33 వద్దనే లాక్ అవుతాయి. రోడ్డు ఇవ్వగలిగిన పట్టులో ఆరోవంతు వృథా అయినట్లే. వాటా 80 శాతానికి తీసుకుపోతే 0.27 వద్దనే లాక్ అవుతుంది, ఆగే దూరం ఆ మేరకు పెరుగుతుంది.

రోలర్ల మీద పరీక్ష

తనిఖీ కేంద్రంలో ఒక్కొక్క ఇరుసునూ మోటారుతో తిరిగే రోలర్ల మీద నిలిపి, పెడలు తొక్కినప్పుడు ప్రతి చక్రం రోలరును ఎంత బలంతో ఆపుతున్నదో కొలుస్తారు. ఇక్కడ కారు కదలదు, అందుచేత బరువు ముందుకు మళ్ళదు. రోలర్ల మీద ఏ చక్రం ముందు లాక్ అయిందో చూసి రోడ్డు మీద ఏమవుతుందో చెప్పడం కుదరదు. కొలిచిన బలాలకు ఇరుసుల భారాలు, ఇరుసుల మధ్య దూరం, గరిమనాభి ఎత్తు జోడించి లెక్క వేయవలసిందే.

ముందు వెనుక ఇరుసులను విడివిడిగా కొలుస్తారు కాబట్టి పెడలు మీద ఎంత బలం పెట్టారో తెలియకపోతే రెండు అంకెలనూ పోల్చడానికి వీలుండదు. స్థానిక గరాజులోని రోలర్ల మీద ముందుగా పరీక్షించుకునేవారు పెడలు బలాన్ని కొలిచే గేజి వాడాలి. ఉదాహరణకి ఒకే పెడలు బలం వద్ద ముందు చక్రాలు 130, 125 కిలోలు, వెనుక చక్రాలు 68, 64 కిలోలు చూపితే ముందు మొత్తం 255, వెనుక మొత్తం 132. ముందు వాటా 66 శాతం. మొత్తం 387 కిలోలను కారు బరువు 640తో భాగిస్తే 60 శాతం సామర్థ్యం. ఇటువంటి కొలతలు రెండు మూడు పెడలు బలాల వద్ద తీసుకోవడం మంచిది, ఎందుకంటే స్ప్రింగుల ప్రతిఘటన వల్ల తక్కువ పీడనంలో వచ్చే నిష్పత్తి ఎక్కువ పీడనంలో ఉండకపోవచ్చు.

ఒకే ఇరుసు మీది ఎడమ కుడి చక్రాల మధ్య తేడా కూడా చూస్తారు. బ్రిటనులో పాత కార్లకు ఏటా జరిగే ఎం.ఓ.టి. పరీక్షలో ఈ తేడా 30 శాతం మించరాదు. కొత్తగా కూర్చిన కారులో తేడాకు సామాన్య కారణాలు గొట్టంలో మిగిలిన గాలి, బిగుసుకున్న పిస్టను, ప్యాడుకు అంటిన గ్రీజు. అంకె ఒకే లయలో పెరుగుతూ తగ్గుతూ ఉంటే డిస్కు వంకరగా తిరుగుతున్నట్లు.

కొత్త ప్యాడ్లు డిస్కుతో ఒరుసుకుని కుదురుకునే దాకా వాటి పట్టు తక్కువ. రిజిస్ట్రేషను లేని కారును మామూలుగా రోడ్డు మీద తిప్పడం బ్రిటనులో చట్టవిరుద్ధం. బీమా ఉంటే ముందుగా ఖరారు చేసుకున్న తనిఖీకి నడుపుకుంటూ వెళ్ళవచ్చు. అందువల్ల చాలామంది ప్రైవేటు స్థలంలో కారును నడిపి ప్యాడ్లను కుదుర్చుకున్న తరువాతే సమతౌల్యం చూసుకుంటారు. ముందు ప్యాడ్లు కుదురుకోక వెనుకవి కుదురుకుంటే కొలతలు తప్పుదారి పట్టిస్తాయి.

గరిమనాభి ఎత్తు కనుగొనడం

ఇరుసుల భారాలు తూనికతో సులభంగా తెలుస్తాయి. గరిమనాభి ఎత్తుకు కొంచెం శ్రమపడాలి. సస్పెన్షను కదలకుండా స్ప్రింగుల స్థానంలో కడ్డీలు బిగించి, ముందు చక్రాలను తూనికల మీద ఉంచి, వెనుక ఇరుసును పైకి ఎత్తాలి. బ్రేకులు వేసి ఉంచకూడదు. కారు వాలిన కొద్దీ ముందు భారం కొంత పెరుగుతుంది. పెరిగిన భారాన్ని ఇరుసుల మధ్య దూరంతో గుణించి, కారు మొత్తం బరువుతోనూ వాలు కోణపు టాంజెంటుతోనూ భాగిస్తే చక్రాల కేంద్రానికి పైన గరిమనాభి ఎంత ఎత్తున ఉందో వస్తుంది. దానికి చక్రం వ్యాసార్ధం కలపాలి.

మన ఉదాహరణలో వెనుక ఇరుసును అర మీటరు ఎత్తితే ముందు భారం 310 నుండి 320 కిలోలకు, అంటే సుమారు 10 కిలోలు మాత్రమే పెరుగుతుంది. దీని నుండి 16 సెంటీమీటర్లు వస్తుంది. చక్రం వ్యాసార్ధం 29 సెంటీమీటర్లు కలిపితే 45. తూనికలో ఒక్క కిలో తప్పు దొర్లినా ఎత్తు ఒకటిన్నర సెంటీమీటరు మారుతుంది. కాబట్టి వేర్వేరు ఎత్తుల వద్ద కొలిచి సగటు తీసుకోవడం అవసరం. ఎత్తును ఉన్నదానికంటే తక్కువగా చూపితే లెక్క తేలికగా నెగ్గుతుంది, కాని రోడ్డు ఆ కాగితాన్ని చదవదు.

కారులో ఎంతమంది ఉన్నప్పుడు లెక్క వేయాలన్నది మరొక ప్రశ్న. సెవెన్ తరహా కార్లలో మనుషులు, పెట్రోలు ట్యాంకు వెనుక ఇరుసుకు దగ్గరగా ఉంటారు. రెండవ మనిషి ఎక్కితే, ట్యాంకు నిండితే వెనుక భారం పెరిగి వెనుక చక్రాలు లాక్ అవడం ఆలస్యమవుతుంది. డ్రైవరు ఒక్కడే ఉండి ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ. సమతౌల్యం ఆ స్థితికి సరిపోవాలి.

బిగించి వేయడం

పందెపు కార్లలో డ్రైవరు ముందున్న మర తిప్పి, వాన వచ్చినప్పుడు బ్రేకు వాటా మార్చుకోవడం మామూలే. రోడ్డు కారులో ఇది కుదరదు. ఐ.వి.ఎ. కోసం బ్యాలెన్స్ బార్‌ను గానీ, వెనుక వాల్వును గానీ సరైన స్థానంలో మళ్ళీ కదలకుండా స్థిరపరచాలి. ఇందుకు కొందరు మరను అతుకుతారు, కొందరు కడ్డీకి రంధ్రం చేసి పిన్ను దిగగొడతారు. తొందరపడి ముందే అతికేసిన తరువాత రోలర్ల మీద అంకెలు తేడాగా వస్తే కొత్త కడ్డీ కొనుక్కోవలసి వస్తుంది. ఆఖరి కొలత తరువాతనే ఈ పని చేయడం మేలు.

స్థిరపరచినది మర మాత్రమే. ధృవపత్రం వచ్చాక యజమాని ట్రాకు మీద నడపడానికి ఎక్కువ పట్టుగల మెత్తని టైర్లు వేసుకుంటే అదే కారు 0.9ని దాటి ఆగగలుగుతుంది, అప్పుడు వెనుక చక్రాలు ముందు లాక్ అవుతాయి. ముందు ప్యాడ్లు అరిగి వేరే రకం వేసినా, వెనుక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టినా, సస్పెన్షను ఎత్తు మార్చినా లెక్క మళ్ళీ మొదటి నుండి వేయాలి.

విద్యార్థుల పోటీలలో

భారతదేశంలో ఇంజనీరింగు విద్యార్థులు స్వయంగా రూపొందించిన వాహనాలతో బాజా, ఫార్ములా తరహా పోటీలలో పాల్గొంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల జట్లు కూడా వీటిలో ఉంటాయి. ఫార్ములా పోటీల బ్రేకు పరీక్షలో వేగంగా వచ్చి తొక్కినప్పుడు నాలుగు చక్రాలూ లాక్ కావాలి. ఈ నియమం ప్రతి చక్రం వద్దా తగినంత బ్రేకు బలం ఉన్నదని నిరూపిస్తుందే గాని, ఏది ముందు లాక్ అయిందో అడగదు. ఆ పరీక్ష నెగ్గిన వాహనం ఐ.వి.ఎ. లెక్కలో ఓడిపోవడానికి అవకాశం ఉంది. రెంటికీ సరిపోయేలా చేయాలంటే ముందు చక్రాలు లాక్ అయిన వెంటనే, పెడలు బలం మరికాస్త పెరిగేసరికి వెనుకవి కూడా లాక్ అయ్యేటట్లు వాటాను ఉంచాలి.